నీటికి దొరక్కుండా లక్ష ఏళ్ళు

స్కాట్లండ్‌లో ఇంచ్‌టుథిల్ అనే చోట రోమన్ సైన్యం ఒక కోట కట్టడం మొదలుపెట్టి, పూర్తికాకముందే క్రీ.శ. 87 ప్రాంతంలో వదిలేసి వెళ్ళిపోయింది. పోతూపోతూ తమ దగ్గరున్న ఇనప మేకులన్నీ గొయ్యి తీసి పాతిపెట్టారు. అక్కడి తెగల చేతికి చిక్కితే కరిగించి ఆయుధాలు చేసుకుంటారని భయం కాబోలు. ఏడు టన్నుల పైచిలుకు మేకులు, లెక్కపెడితే ఎనిమిది లక్షలు దాటాయి. 1960 ప్రాంతంలో పురావస్తు తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. గుట్టకు పైనా అంచుల్లోనూ ఉన్న మేకులు తుప్పుపట్టి, ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెంకులా తయారయ్యాయి. ఆ పెంకు పగలగొడితే లోపలివి మాత్రం మొన్ననే కొలిమిలోంచి తీసినట్టున్నాయి. దిగిన నీటిలోని ఆక్సిజన్‌నంతా పై మేకులే తాగేశాయి. లోపలివాటిని తుప్పు పట్టించడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఈ మేకుల కథను అణువ్యర్థాల మీద పనిచేసే ఇంజనీర్లు తరచూ చెప్పుకుంటారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఒక లోహాన్ని నేలలో పాతితే రెండు వేల ఏళ్ళకు ఎలా ఉంటుంది, రెండు లక్షల ఏళ్ళకు ఎలా ఉంటుంది అన్నది ప్రయోగశాలలో కూర్చుని చూసే వీల్లేదు. కాలం ఇప్పటికే చేసిపెట్టిన ప్రయోగాల్ని వెతుక్కోవాల్సిందే.

అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని చివరికి ఏం చేయాలి అని అడిగితే, ఈ రంగంలోని నిపుణుల్లో అత్యధికులు చెప్పే జవాబు ఒకటే. అర కిలోమీటరు లోతున, కదలని రాతిలో, మళ్ళీ ఎవరూ కాపలా కాయాల్సిన పని లేకుండా పాతిపెట్టాలి. వినగానే చెత్త ఊడ్చి చాప కిందకి తోసినట్టు అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఈ వ్యవహారంలో అందరూ భయపడే రేడియేషన్‌ను ఆపడం పెద్ద కష్టం కాదు. రెండు మీటర్ల రాయి చాలు. తలనొప్పంతా నీటితో.

పాతిపెట్టేది ఏమిటి

అణువ్యర్థం అనగానే పచ్చగా మెరిసే జిగురేదో కారుతున్న పీపాలు కళ్ళముందు కదులుతాయి. సినిమాల పుణ్యం. నిజానికి రియాక్టర్‌లోకి వెళ్ళే ఇంధనం చిటికెన వేలి కొసంత గుళికలు. యురేనియం ఆక్సైడ్‌ను కాల్చి చేసిన, పింగాణీలాంటి గట్టి పదార్థం. వాటిని సన్నని జిర్కోనియం గొట్టాల్లో పేర్చి, ఆ గొట్టాల్ని కట్టలు కడతారు. కొన్నేళ్ళు వాడి బయటికి తీసినప్పుడు కూడా కట్ట కట్టలాగే ఉంటుంది. కారేదీ ఒలికేదీ ఏమీ ఉండదు. లోపల సరుకు మాత్రం మారిపోతుంది. నూటికి 95 వంతుల దాకా ఇంకా యురేనియమే, ఒక వంతు ప్లుటోనియం, మిగతా మూడు నాలుగు వంతులు పరమాణువులు చీలగా మిగిలిన ముక్కలు. మొదటి కొన్ని వందల ఏళ్ళ తంటా అంతా ఆ మూడు నాలుగు వంతులతోనే.

రియాక్టర్ ఆపేసిన క్షణంలో కూడా ఇంధనం పూర్తి సామర్థ్యపు వేడిలో ఆరేడు శాతం విడుదల చేస్తూనే ఉంటుంది. అందుకే బయటికి తీయగానే లోతైన కొలనుల్లో ఏళ్ళ తరబడి ముంచి ఉంచుతారు. ఇక్కడ నీరు మిత్రుడు. చల్లబరుస్తుంది, రేడియేషన్‌కు అడ్డు గోడలా నిలుస్తుంది. పాతిపెట్టాక ఇదే నీరు పగవాడవుతుంది.

ఎంతకాలం జాగ్రత్త పడాలి అన్న దగ్గర చాలామందికి ఒక చిక్కుముడి పడుతుంది. సీజియం-137, స్ట్రాన్షియం-90 అనే ముక్కల అర్ధాయువు సుమారు 30 ఏళ్ళు. అంటే ముప్ఫై ఏళ్ళకు సగం, అరవైకి పావు. మూడు వందల ఏళ్ళకు వెయ్యో వంతుకు పడిపోతాయి. ప్లుటోనియం-239 అర్ధాయువు 24 వేల ఏళ్ళు. అయోడిన్-129ది ఏకంగా కోటీ 57 లక్షల ఏళ్ళు. ఆ అంకె చూసి అయోడిన్ అన్నిటికంటే భయంకరమైనదనుకుంటే పొరపాటు. ఎక్కువకాలం బతుకుతోందంటే అంత నెమ్మదిగా విచ్ఛిన్నమవుతోందని, అంటే గ్రాముకు గ్రాము లెక్కన అంత తక్కువ రేడియేషన్ ఇస్తోందని అర్థం. వేడిగా, ఉధృతంగా ఉండేది తొందరగా చల్లారిపోతుంది. మొత్తంగా చూస్తే, వాడేసిన ఇంధనం ప్రమాద స్థాయి దాన్ని తయారుచేయడానికి తవ్వితీసిన యురేనియం ఖనిజం స్థాయికి దిగిరావడానికి లక్ష ఏళ్ళు పైనే పడుతుంది.

అణు విద్యుత్తు మొదలైనప్పటి నుంచి ప్రపంచంలో సుమారు 4 లక్షల టన్నుల ఇంధనం ఇలా వాడి బయటికి తీశారు. అందులో మూడో వంతు దాకా రీప్రాసెసింగ్‌కు వెళ్ళింది. ఫ్రాన్స్, భారత్ లాంటి దేశాల దారి అది. వాడిన ఇంధనాన్ని ఆమ్లంలో కరిగించి, యురేనియం, ప్లుటోనియం వేరుచేసి మళ్ళీ వాడుకుంటారు. మిగిలిన ముక్కల్ని గాజులో కలిపి గడ్డకట్టిస్తారు. దీనితో పాతిపెట్టే అవసరం తప్పుతుందని కొందరు వాదిస్తుంటారు. తప్పదు. పరిమాణం తగ్గుతుంది, ప్లుటోనియం చాలావరకు పోతుంది. గాజు దిమ్మెలకు మాత్రం చివరికి చోటు వెతకాల్సిందే.

మిగతా ఆలోచనలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. రాకెట్లో పెట్టి అంతరిక్షంలోకి పంపుదామంటే, రాకెట్లు అప్పుడప్పుడూ పేలుతుంటాయి. అంటార్కిటికా మంచు కింద పెడదామంటే 1959 ఒప్పందం అడ్డు. సముద్రంలో పడేయడాన్ని 1993లో అంతర్జాతీయంగా పూర్తిగా నిషేధించారు. నేలమీదే కట్టడాల్లో ఉంచి కాపలా కాద్దామంటే, వెయ్యేళ్ళపాటు జీతాలిచ్చే ప్రభుత్వం ఏదీ చరిత్రలో కనబడదు.

రాయికి కాళ్ళు లేవు

అర కిలోమీటరు లోతున ఉన్న గుళిక తనంతట తాను నడిచి పైకి రాలేదు. దాన్ని మోసుకురాగలిగినవి రెండే. ఒకటి మనిషి, రెండోది నీరు. మనిషి సంగతి తర్వాత చూద్దాం.

భూమిలో అంత లోతున పొడిగా ఉండే చోటు అరుదు. రాతిలో వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటాయి, వాటినిండా నీరుంటుంది. అయితే ఆ నీటికి మన బావి నీటితో పోలిక లేదు. ఎన్నో వేల ఏళ్ళుగా అక్కడే ఉండిపోయి, ఉప్పెక్కి, ఆక్సిజన్‌ను పూర్తిగా పోగొట్టుకుని ఉంటుంది. మేకుల గుట్ట నడిమధ్యలో ఉన్న పరిస్థితే ఇదీ. ఆక్సిజన్ లేని నీటిలో యురేనియం ఆక్సైడ్ దాదాపు కరగదు. కరిగిన కాస్త ప్లుటోనియం కూడా మట్టి రేణువుకో రాతి గోడకో అతుక్కుపోతుంది.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకునేవాళ్ళకు చూపించడానికి ఒక చోటుంది. 1972లో ఫ్రాన్స్‌లోని పియెర్‌లాట్ యురేనియం కర్మాగారంలో ఒక నమూనా తేడాగా కనిపించింది. ప్రకృతిలో దొరికే యురేనియంలో, సులువుగా చీలే రకమైన యురేనియం-235 వాటా ఎక్కడైనా 0.7202 శాతమే. ఇందులో 0.7171 ఉంది. మూడో దశాంశ స్థానంలో తేడా. బాంబుకు పనికొచ్చే పదార్థం కాబట్టి, ఎవరైనా దొంగిలించారా అని కంగారుపడి, ఆ ఖనిజం ఎక్కడినుంచి వచ్చిందో ఆరా తీశారు. ఆఫ్రికాలో గబోన్ దేశంలోని ఓక్లో గని. అక్కడ దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ క్రితం, మనిషి ప్రమేయం లేకుండా, భూమే రియాక్టర్ నడిపింది. అప్పట్లో యురేనియం-235 వాటా మూడు శాతం పైన ఉండేది. భూగర్భ జలం చేరగానే చర్య మొదలయ్యేది. వేడికి నీరు ఆవిరైపోతే ఆగిపోయేది. చల్లారాక మళ్ళీ నీరు చేరేది. అరగంట నడక, రెండున్నర గంటల విశ్రాంతి. కొన్ని లక్షల ఏళ్ళపాటు ఇలా సాగిందని లెక్కగట్టారు.

అక్కడ డబ్బా లేదు, గోడ లేదు, నీరు పారుతూనే ఉంది. అయినా పుట్టిన ప్లుటోనియం పుట్టినచోటే విచ్ఛిన్నమై యురేనియంగా మారింది. పెద్దగా కదిలిన జాడ లేదు. ఓక్లోను పొగిడేవాళ్ళు ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు. సీజియం, అయోడిన్, వాయువులు చాలావరకు జారుకున్నాయి. ఏది ఉండిపోతుందో, ఏది పారిపోతుందో రెండూ చెప్పినందుకే ఓక్లోకు అంత విలువ.

కెనడాలోని సిగార్ లేక్ ఇంకో సాక్షి. 400 మీటర్లకు పైగా లోతున, సుమారు 130 కోట్ల ఏళ్ళ నాటి అతి చిక్కని యురేనియం ఖనిజం. దాని చుట్టూ బంకమట్టి పొర కమ్ముకుని ఉంది. పైన నేలమీద నిలబడి పరికరం పెట్టి చూస్తే కింద యురేనియం ఉందన్న ఆచూకీ కూడా తెలియదు. బంకమట్టి మహిమ ఇటలీలోని డునరోబ్బా దగ్గరా కనిపిస్తుంది. పది లక్షల ఏళ్ళకు పైబడిన చెట్ల మొదళ్ళు అక్కడ నిలబడినవి నిలబడినట్టే దొరికాయి. రాయిగా మారలేదు, కుళ్ళలేదు. ఇప్పటికీ కట్టే. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని, గాలిని లోపలికి రానివ్వలేదంతే.

ఒక రాగి పీపా ప్రయాణం

ఈ పాఠాలన్నిటినీ ఒకచోట పేర్చి కట్టినదే ఫిన్లండ్ పశ్చిమ తీరంలో, ఒల్కిలువొతొ ద్వీపంలో ఉన్న ఓంకలో అనే భూగర్భ అణువ్యర్థాల నిలయం. పోసివా అనే సంస్థ 2004లో తవ్వకం మొదలుపెట్టింది. అక్కడి రాయి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. నమూనా మాత్రం స్వీడన్ నుంచి వచ్చింది. 1983లో అక్కడి ఇంజనీర్లు తయారుచేసిన ఆ పద్ధతి పేరు కేబీఎస్-3.

పాతిపెట్టేనాటికి ఇంధనం కొలనులో కొన్ని దశాబ్దాలు చల్లారి ఉంటుంది. మందపాటి గోడల గదిలో, మనుషులు దగ్గరికి పోకుండా, యంత్రాల చేతులు ఒక్కో కట్టనూ ఎత్తి పోత ఇనుము దిమ్మెలోని అరల్లో దింపుతాయి. ఒక్కో దిమ్మెలో పన్నెండు దాకా కట్టలు. ఈ ఇనుము పని బరువు మోయడం, పైనున్న ఒత్తిడికి నలగకుండా నిలబడటం. దానిపైన అయిదు సెంటీమీటర్ల మందాన రాగి తొడుగు. రాగి పని తుప్పును కాచుకోవడం. నిండిన పీపా మనిషి ఎత్తుకు రెండు మూడింతల పొడవు, పాతిక టన్నుల దాకా బరువు ఉంటుంది. మూతను రాపిడి వేడితో అతికిస్తారు. రెండు లోహాలు కరగకుండానే, మెత్తబడి కలిసిపోతాయి. అతుకును స్కాన్ చేసి, నలుసంత లోపం ఉన్నా పక్కన పెట్టేస్తారు.

తర్వాత లిఫ్టులో 430 మీటర్ల కిందకి. అక్కడ పొడవాటి సొరంగాలు, వాటి నేలలో నిలువుగా తవ్విన సుమారు ఎనిమిది మీటర్ల గుంటలు. గుంట లోపల బెంటొనైట్ అనే బంకమట్టిని ఇటుకల్లా అదిమి చుట్టూ పేర్చి ఉంటారు. పీపా వాటి మధ్యలోకి దిగుతుంది. ఈ బెంటొనైట్ గురించి కాస్త చెప్పుకోవాలి. నీరు తగిలితే కరిగి కొట్టుకుపోయే రకం కాదిది. ఉబ్బుతుంది. ఉబ్బి, గుంటలోని ప్రతి సందునూ బిగించేసి, ఆ తర్వాత నీటిని పారనివ్వదు. అంటే నీరు వస్తేనే నీటికి తలుపు మూసుకుంటుంది. అందులోంచి ఏదైనా బయటపడాలంటే పారడం కుదరదు, ఒక్కో అణువూ జరుగుతూ జరుగుతూ పోవాల్సిందే. సూక్ష్మజీవులకు కూడా అందులో మసలే జాగా ఉండదు. పీపా వేడికి మట్టి ఎండి గుణం కోల్పోకుండా ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటనివ్వరు. అందుకే పీపాకీ పీపాకీ మధ్య అంత ఎడం.

ఓంకలోలో మొత్తం 6,500 టన్నుల ఇంధనం పట్టేలా లెక్క వేసుకున్నారు. 2024 ఆగస్టులో, అసలు ఇంధనం లేకుండా, ఉత్తుత్తి కట్టలతో ట్రయల్ రన్ మొదలైంది. స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ దగ్గర ఇదే పద్ధతిలో నిర్మాణం 2025 జనవరిలో మొదలైంది.

రాగి మీద గొడవ జరగకపోలేదు. ఆక్సిజన్ లేని నీటిలో రాగి చెక్కుచెదరదన్నది పాఠ్యపుస్తకాల మాట. స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు, అలాంటి నీటిలోనూ రాగి తుప్పు పడుతున్నట్టు తమ ప్రయోగాల్లో కనిపించిందని ప్రకటించారు. ఏళ్ళ తరబడి వాదప్రతివాదాలు నడిచాయి. 2018లో స్వీడన్ పర్యావరణ న్యాయస్థానం కూడా పీపా విషయంలో మరిన్ని ఆధారాలు కావాలంది. ప్రభుత్వం 2022 జనవరిలో అనుమతి ఇచ్చింది. ఈ గొడవ వల్ల ఆలస్యమైందని విసుక్కునేవాళ్ళున్నారు. నాకైతే ఆ ఆలస్యమే ధైర్యాన్నిచ్చింది. లక్ష ఏళ్ళ హామీ ఇచ్చే వస్తువు మీద పదేళ్ళు వాదించుకోవడం ఎక్కువేమీ కాదు.

ఈ వాదంలో సముద్రపు అడుగునుంచి కూడా ఒక సాక్షి వచ్చింది. 1676లో బాల్టిక్ సముద్రంలో మునిగిపోయిన క్రోనన్ అనే యుద్ధనౌకలోని కంచు ఫిరంగి ఒకటి అడుగున బురదమట్టిలో మూడు వందల ఏళ్ళు దిగబడి ఉంది. కంచులో ఎక్కువ భాగం రాగే కదా. బయటికి తీసి చూస్తే పైపైన సన్నని పొర తప్ప పెద్దగా తినేయలేదు.

ఇంతా చేసి ఒకటో రెండో పీపాలు ఓడిపోయాయనుకుందాం. అప్పుడు ముందుగా పైకి చేరేది ఏమిటి? అందరి నోటా వచ్చే పేరు ప్లుటోనియం. కానీ అది ఇల్లు కదలదు. మట్టికి అతుక్కుపోతుంది, ఎక్కువ కరగదు. లెక్కలన్నిట్లోనూ ముందు వరసలో కనబడేది ఇందాక చెప్పుకున్న అయోడిన్-129, దానితోపాటు క్లోరిన్-36. నీటిలో ఇవి రుణావేశంతో తిరుగుతాయి. మట్టి రేణువుల మీద కూడా రుణావేశమే. అందుకని పట్టు దొరకదు, జారిపోతాయి. తేలిగ్గా పారిపోయేవాటి రేడియేషన్ బలహీనం, బలమైనవేమో కదలవు. ఈ పథకమంతా నిలబడి ఉన్నది ఈ చిత్రమైన అదృష్టం మీద.

అందరికీ ఆ రాయి దొరకదు. ఫ్రాన్స్ తూర్పున బ్యూర్ దగ్గర సుమారు 16 కోట్ల ఏళ్ళ నాటి బంకరాతి పొరను ఎంచుకుంది. స్విట్జర్లండ్‌దీ బంకరాయే. అక్కడ రాయే బెంటొనైట్ పని చేస్తుంది కాబట్టి రాగి పీపా అవసరం లేదు. ఉప్పు రాయి మీద మోజు మరీ పాతది. 1957లోనే అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఉప్పును సిఫారసు చేసింది. తర్కం బాగుంది. కోట్ల ఏళ్ళుగా ఉప్పు కరగకుండా ఉందంటే అక్కడికి నీరు రాలేదనేగా.

నీరు దారి కనిపెట్టిన చోట్లు

ఆ తర్కానికి మొదటి దెబ్బ కాన్సాస్ రాష్ట్రంలోని లయన్స్ అనే ఊళ్ళో తగిలింది. అక్కడి పాత ఉప్పు గనిలో వ్యర్థాలు పెట్టాలని 1970లో అమెరికా అణుశక్తి కమిషన్ నిర్ణయించింది. తీరా చూస్తే ఆ చుట్టుపక్కల చమురు కోసం వేసిన పాత బోర్లు ఎన్నో ఉన్నాయి. పక్కనే ఇంకో గనిలోకి ఉప్పు కరిగించడానికి పంపిన నీరు ఎటు పోయిందో తెలియకుండా మాయమైంది. పొర జల్లెడలా ఉందని తేలాక పథకం మూలనపడింది. ఉప్పుకు లోపమేమీ లేదు. దానికి కన్నాలు పెట్టింది మనుషులు.

జర్మనీలోని ఆస్సె కథ ఇంకా చేదు. 1967 నుంచి 1978 దాకా, పరిశోధన పేరు మీద, ఒక పాత ఉప్పు గనిలో తక్కువ, మధ్యస్థాయి రేడియోధార్మిక వ్యర్థాలున్న లక్షా పాతిక వేల పైచిలుకు పీపాలు పెట్టారు. పెట్టారనడం మర్యాద. చాలావాటిని యంత్రంతో గుట్టలుగా దొర్లించి పైన ఉప్పు కప్పారు. గని తవ్వినవాళ్ళేమో ఉప్పు ఆశకొద్దీ పక్క రాతికి బాగా దగ్గరదాకా తవ్వేసి ఉన్నారు. 1988 నుంచి నీరు ఊరడం మొదలైంది. రోజుకు సుమారు 12 వేల లీటర్లు. ఇప్పుడు ఆ పీపాలన్నిటినీ మళ్ళీ పైకి తీయాలని 2013లో చట్టం చేశారు. తుప్పుపట్టి నలిగిన పీపాల్ని కుంగిపోతున్న గనిలోంచి తీయడమంటే పాతిపెట్టడం కంటే ఎన్నో రెట్ల కష్టం.

న్యూ మెక్సికోలోని విప్ కేంద్రంలో 650 మీటర్ల లోతున ఉప్పులో 1999 నుంచి అమెరికా సైనిక అణువ్యర్థాలు పాతుతున్నారు. 2014 ఫిబ్రవరి 14 రాత్రి అక్కడ ఒక పీపా మూత ఎగిరి రేడియోధార్మిక ధూళి బయటపడింది. ఇక్కడ నీటికి ఏ పాపమూ తెలియదు. లాస్ అలమోస్ అణ్వాయుధ ప్రయోగశాలలో పీపా నింపేటప్పుడు తేమ పీల్చడానికి పిల్లుల మలానికి వాడే ఇసుకలాంటి పొడి కలుపుతారు. మట్టితో చేసిన పొడి అయితే ఏమీ కాదు. అక్కడ వాడింది గోధుమతో చేసిన రకం. అది లోపలి నైట్రేట్ లవణాలతో కలిసి వేడెక్కింది. ఒక్క పొడి మారినందుకు కేంద్రం సుమారు మూడేళ్ళు మూతపడింది. కోట్ల ఏళ్ళ ఉప్పును చదివినవాళ్ళు ఒక సంచి మీద లేబుల్ చదవలేదు.

ఇక యక్కా పర్వతం. నెవాడా ఎడారిలో అమెరికా వాడేసిన ఇంధనం మొత్తానికి అదే చోటు అని 1987లో కాంగ్రెస్ చట్టం చేసింది. మిగతా చోట్ల పరిశీలన ఆపేయించింది. మిగిలినచోట్లా నీటి మట్టానికి కింద పాతాలని చూస్తుంటే ఇక్కడ నీటి మట్టానికి పైన, పొడి రాతిలో. ఎడారి కదా, నీరెక్కడిది అన్న ధీమా. కానీ పొడి రాతిలో గాలి ఉంటుంది, గాలిలో ఆక్సిజన్. అక్కడ కాస్త నీరు చుక్కచుక్కగా పడినా యురేనియం ఆక్సైడ్ నిలవదు. తవ్విన సొరంగంలో 1950లనాటి అణు పరీక్షల్లో పుట్టిన క్లోరిన్-36 ఆనవాళ్ళు దొరికాయని ఒక బృందం చెప్పింది. అంటే వాన నీరు యాభై ఏళ్ళలోపే అంత లోతుకు దిగిందన్నమాట. తర్వాత చేసిన పరిశీలన దాన్ని ధ్రువపరచలేకపోయింది. అయినా పీపాల మీద టైటానియం గొడుగులు పట్టాలని డిజైన్‌లో చేర్చారు. ఎడారిలో గొడుగులు! 2010లో ఒబామా ప్రభుత్వం పథకాన్ని వెనక్కి తీసుకుంది. 1998కల్లా ఇంధనం తీసుకెళ్తామని విద్యుత్ కంపెనీలకు రాసిచ్చిన ఒప్పందం తప్పినందుకు ప్రభుత్వం ఇప్పటికీ వేల కోట్ల రూపాయల విలువైన డాలర్ల పరిహారం కడుతూనే ఉంది.

యక్కాకు తగిలిన అసలు దెబ్బ రాతినుంచి రాలేదు. నెవాడాలో ఒక్క అణు విద్యుత్ కేంద్రమూ లేదు. మా నెత్తిన రుద్దారన్న కోపం అక్కడివాళ్ళను నలభై ఏళ్ళుగా వదల్లేదు. ఫిన్లండ్‌లో వ్యవహారం తిరగబడి నడిచింది. మొదట 1994లో, మన వ్యర్థం మన దేశంలోనే అని చట్టం చేసుకున్నారు. అంతకుముందు కొంత ఇంధనం రష్యాకు పోయేది. వద్దనే హక్కు స్థానిక పురపాలక మండలికి చట్టంలోనే ఉంది. ఒల్కిలువొతొ ఉన్న యూరయొకి మండలి ఆ హక్కు చేతిలో పెట్టుకుని సరే అంది. ఖర్చుకు డబ్బు అణు విద్యుత్ కంపెనీల నుంచి ఏళ్ళ తరబడి వసూలు చేసి నిధిలో వేశారు.

స్వీడన్‌లో ఓస్కర్షామ్న్, ఓస్తమ్మర్ అనే రెండు పురపాలికలు మాకు కావాలంటే మాకు కావాలని పోటీపడ్డాయి. కంపెనీలు ప్రాంతాభివృద్ధికి డబ్బు ఇస్తామన్నాయి. ఆ డబ్బు పంపకం చూడండి. చోటు దక్కినవాళ్ళకు పావు వంతు, దక్కనివాళ్ళకు ముప్పావు. దక్కినవాళ్ళకు ఉద్యోగాలు ఎలాగూ వస్తాయి కాబట్టి. డబ్బు కోసమే ఒప్పుకున్నారన్న మాట రాకుండా చేసిన ఏర్పాటుగా నాకది కనిపించింది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను బాగా ఆకట్టుకున్న తెలివి అదే.

మళ్ళీ తవ్వేవాడు

మోసుకురాగల రెండో శక్తి మనిషి. ఇంకో పదివేల ఏళ్ళకు మన భాషలేవీ ఉండవు. అక్కడ బోరు వేయొద్దని ఎలా చెప్పాలి? 1980లలో అమెరికా దీనికోసం ఒక నిపుణుల బృందాన్నే వేసింది. సంకేతశాస్త్ర పండితుడు థామస్ సెబియోక్, కథలూ ఆచారాలూ తరతరాలకు అందించే ‘అణు పూజారుల’ వర్గాన్ని ఏర్పాటు చేయాలన్నాడు. రేడియేషన్ తగిలితే రంగు మారే పిల్లుల్ని పుట్టించి, పిల్లి రంగు మారితే పారిపోవాలని సామెతలు పుట్టించాలని ఇంకో ఇద్దరు రాశారు. భయపెట్టే రాతి ముళ్ళ తోటలు నాటాలన్నది మరో ఆలోచన. సమాధుల మీద శాపాలు చెక్కినా దొంగలు ఆగిన దాఖలాలు లేవు. పైగా అంత హడావుడి చేస్తే కింద నిధి ఉందనుకుంటారు.

నాకు సమంజసంగా తోచింది ఇంకొకటి. తవ్వడానికి ఏ కారణమూ లేని చోట పాతడం. ఒల్కిలువొతొ రాతిలో బంగారం లేదు, రాగి లేదు, చమురు లేదు. అలాంటి రాయి ఫిన్లండ్ అంతా ఉంది. దీన్నే వెతుక్కుంటూ వచ్చే పని ఎవరికీ ఉండదు. ఈ లెక్కన ఉప్పు వెనకబడుతుంది. ఉప్పు కోసం, దాని పక్కనుండే పొటాష్, చమురు కోసం మనిషి ఎప్పుడూ తవ్వుతూనే ఉన్నాడు.

రేపు ఇంతకంటే మంచి ఉపాయం దొరికితే తిరిగి తీసుకునేలా దారి ఉంచాలని కొందరంటారు. ఫ్రాన్స్ కనీసం వందేళ్ళు వెనక్కి తీసే వీలుండాలని చట్టం చేసింది. న్యాయంగానే ఉంది. కానీ మనకోసం తెరిచి ఉంచిన తలుపు నీటికీ తెరిచే ఉంటుంది. ఆస్సె అదే చూపింది. ఎంతకాలం తెరిచి ఉంచాలన్నది రాతి గురించిన ప్రశ్న కాదు కాబట్టి దానికి భూగర్భ శాస్త్రవేత్త దగ్గర జవాబు లేదు.

ఓంకలో వందేళ్ళపాటు నిండాక, దిగే సొరంగాన్నీ బావుల్నీ మట్టితో, రాతితో కూరి, పైనున్న కట్టడాలు తీసేస్తారు. గత మంచుయుగంలో కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు బరువుకు కుంగిన అక్కడి నేల ఇప్పటికీ ఏటా 6 మిల్లీమీటర్ల చొప్పున లేస్తూనే ఉంది. కొన్ని వేల ఏళ్ళలో తీరం దూరంగా జరిగిపోతుంది, ద్వీపం ద్వీపంగా ఉండదు. ఇప్పుడు సముద్రం ఉన్నచోట చెరువులో పొలాలో వస్తాయి. ఇదంతా భద్రతా లెక్కల్లో ఉంది. వాటిలో ఒక ఊహా కుటుంబం కూడా ఉంది. సరిగ్గా ఆ చోటికే వచ్చి స్థిరపడి, బావి తవ్వుకుని, ఆ నీళ్ళే తాగి, ఆ నీటితోనే పంట పండించుకునే కుటుంబం. కింద ఏముందో వాళ్ళకు తెలియదు. వాళ్ళకు ఏడాదికి అందే అదనపు రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ దాటకూడదని ఫిన్లండ్ నియమం. రాతినుంచీ, ఆకాశంనుంచీ ప్రపంచంలో ఎవరికైనా మామూలుగా అందేది సగటున 2.4. వాళ్ళ గ్లాసులోకి చేరే అయోడిన్ ఎంతన్నది ఇంజనీర్లు ఇప్పటికే లెక్కగట్టి పెట్టారు.